స్వయంచాలక విద్యుత్ నియంత్రణ: పొలం, పరిశ్రమ, ఇల్లు

మోటారు, హీటరు, వాల్వు, దీపం వంటి విద్యుత్ పరికరాలను మనిషి పక్కన నిలబడకుండానే నడిపి, వేళకు ఆపే ఏర్పాటే స్వయంచాలక నియంత్రణ. వాడుకలో అందరూ ఆటోమేషన్ అనే అంటారు. బోరు దగ్గరి స్టార్టరు పెట్టె, రైస్ మిల్లు గోడకున్న ప్యానెల్, అపార్టుమెంటు సంపులో వేలాడే ఫ్లోట్ స్విచ్చి అన్నీ ఈ కోవలోవే. ధరలోనూ హంగులోనూ వీటికి పొంతన లేకపోయినా, కట్టేవాడు తేల్చుకోవలసిన సంగతులు దాదాపు ఒకటే. మోటారు ఎప్పుడు మొదలవ్వాలి, ఎప్పుడు ఆగాలి అన్నవి తేలిక ప్రశ్నలు. కరెంటు పోయి మళ్లీ వస్తే ఏం జరగాలి, సెన్సరు వైరు తెగితే ఏం జరగాలి అన్నవే కష్టమైనవి. ఒళ్లు దగ్గర పెట్టుకుని చేసిన పని ఏదో, ఎలాగోలా నడిపించేసిన పని ఏదో అక్కడే బయటపడుతుంది.

స్టార్టరు పెట్టె లోపల

చిన్న త్రీ ఫేజ్ మోటార్లకు వాడే డీఓఎల్ (డైరెక్ట్ ఆన్ లైన్) స్టార్టరులో ఉండేవి మూడే: కాంటాక్టరు, ఓవర్‌లోడ్ రిలే, రెండు బటన్లు. కాంటాక్టరు కాయిల్‌కు ఏ1, ఏ2 అనే రెండు టెర్మినళ్లు ఉంటాయి. వాటికి కరెంటు అందగానే అయస్కాంతం లోపలి ముక్కను లాగుతుంది, మూడు ఫేజుల కాంటాక్టులు ఒక్కసారిగా కలుస్తాయి. పక్కనే 13, 14 అంకెలున్న చిన్న కాంటాక్టు ఒకటి ఉంటుంది. మోటారు కరెంటుతో దానికి సంబంధం లేదు, కానీ స్టార్టరుకున్న తెలివంతా దానిదే. ఆకుపచ్చ బటన్ నొక్కితే కాయిల్ పట్టుకుంటుంది, దాంతో పాటే 13-14 కలుస్తుంది. అది బటన్‌కు సమాంతరంగా ఉంటుంది కాబట్టి వేలు తీసినా కాయిల్‌కు కరెంటు అందుతూనే ఉంటుంది. ఎలక్ట్రీషియన్లు దీన్నే హోల్డింగ్ అంటారు. ఎర్ర బటన్ నొక్కితే ఆ దారి తెగి అన్నీ విడిపోతాయి.

కరెంటు పోయినా సరిగ్గా అదే జరుగుతుంది. కాయిల్ వదిలేస్తుంది, 13-14 తెరుచుకుంటుంది, కరెంటు తిరిగి వచ్చాక ఎవరో ఒకరు వచ్చి ఆకుపచ్చ బటన్ నొక్కేదాకా మోటారు కదలదు. ఇది కావాలని చేసిన ఏర్పాటు. కరెంటు పోయిందని రంపం దగ్గరో గడ్డి కోసే యంత్రం దగ్గరో చెయ్యి పెట్టి ఇరుక్కున్న ముక్క తీస్తున్నవాడికి ఆ చిన్న కాంటాక్టే రక్ష. యంత్రాల విద్యుత్ భద్రతకు అంతర్జాతీయ ప్రమాణమైన ఐఈసీ 60204-1 కూడా, తనంతట తాను మళ్లీ మొదలవడం వల్ల ప్రమాదం ఉన్నచోట దాన్ని అడ్డుకోవాలనే చెబుతుంది.

లోపం పట్టుకోవడానికి కూడా ఈ వలయం తెలిస్తే చాలు. బటన్ నొక్కి ఉంచినంతసేపు తిరిగి, వేలు తీయగానే మోటారు ఆగిపోతోందంటే కాయిల్‌నూ మోటారునూ అనుమానించే పని లేదు. 13-14 కాంటాక్టు మసిబారి ఉంటుంది, లేదా దాని వైరు వదులై ఉంటుంది. కాంటాక్టరు గుర్రుమంటోందంటే ఓల్టేజీ తక్కువగా ఉండాలి, లేదంటే అయస్కాంతం ముఖాల మధ్య దుమ్ము చేరి ఉండాలి, అదీ కాకపోతే ఆ ముఖం మీది రాగి రింగు విరిగి ఉండాలి. అసలు నొక్కినా పలక్కపోతే ముందు చూడవలసింది ఓవర్‌లోడ్ రిలేలోని 95-96 కాంటాక్టును. అది కాయిల్ దారిలోనే ఉంటుంది.

ఆ రిలేను మోటారు నేమ్‌ప్లేటు మీదున్న ఆంపియర్లకు సెట్ చేయాలి. 5 హెచ్‌పీ మోటారు 415 ఓల్టుల దగ్గర పూర్తి లోడు మీద సుమారు 7.5 ఆంపియర్లు తీసుకుంటుంది. మొదలయ్యే క్షణంలో అంతకు ఆరేడు రెట్లు లాగినా లోపలి బైమెటల్ పట్టీ నిదానంగా వేడెక్కుతుంది కాబట్టి దాన్ని పోనిస్తుంది. ఊరికే ట్రిప్ అవుతోందని నాబ్‌ను 10 దగ్గరికి తిప్పి పెట్టడం మన దగ్గర మామూలే. ఆ తర్వాత వైండింగ్ కాలితే తప్పు మోటారుది కాదు.

పొలంలో ఆటో స్టార్టరు

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు వచ్చింది. ఉచితంగా వచ్చినా అది విడతలవారీగా, చాలాసార్లు రాత్రివేళ వచ్చేది. కరెంటు ఏ వేళకు వస్తుందో తెలియక అర్ధరాత్రి చీకట్లో, పాముల మధ్య, తడి గట్ల మీద నడిచి వెళ్లి బటన్ నొక్కే బాధ తప్పించుకోవడానికి రైతులు ఆటో స్టార్టర్లు పెట్టుకున్నారు. మూడు ఫేజులూ రాగానే అది స్టార్టరును తానే పని చేయిస్తుంది. 13-14 ఏ పని జరగకూడదని అక్కడ ఉందో సరిగ్గా ఆ పనే ఇది చేస్తుంది. అయినా రైతును తప్పుపట్టలేం. పొలంలో పంపు దగ్గర చెయ్యి నలిగే ప్రమాదం కంటే చీకట్లో నడక ప్రమాదమే పెద్దది.

చిక్కు వచ్చింది ట్రాన్స్‌ఫార్మరు దగ్గర. 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మరు పూర్తి లోడు మీద సుమారు 35 ఆంపియర్లు ఇవ్వగలదు. దాని మీద నాలుగు 5 హెచ్‌పీ మోటార్లుంటే నడిచేటప్పుడు 30 ఆంపియర్లు, ఇబ్బంది లేదు. కరెంటు రాగానే నాలుగు ఆటో స్టార్టర్లూ ఒకేసారి పట్టుకుంటే ఆ క్షణంలో 180 ఆంపియర్లు కావాలి. ఓల్టేజీ పడిపోతుంది, పడిపోవడం వల్ల మోటార్లు వేగం అందుకోలేక ఇంకా ఎక్కువసేపు ఎక్కువ కరెంటు లాగుతాయి, చివరికి ఫ్యూజులు ఎగిరిపోతాయి లేదా ట్రాన్స్‌ఫార్మరే కాలిపోతుంది. దీనికి విరుగుడు చవకైనదే. ప్రతి స్టార్టరులో ఒక ఆన్ డిలే టైమరు వేసి, ఒకరిది 10 సెకన్లకు, పక్కవారిది 40 సెకన్లకు, ఆ పక్కవారిది 70 సెకన్లకు పెట్టుకుంటే సరిపోతుంది. అయితే నలుగురు రైతులూ ఒక మాట మీద ఉండాలి. సాంకేతికంగా కంటే అదే కష్టం.

తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల సరఫరా మొదలైనప్పుడు ప్రభుత్వం ఆటో స్టార్టర్లను తీసేయమని రైతులను కోరింది. కరెంటు రోజంతా ఉన్నప్పుడు ఆటో స్టార్టరు ఉంటే మోటారు రోజంతా ఆడుతుంది, భూగర్భ జలం ఆ మేరకు తగ్గుతుంది. ఫోను కాల్‌తో మోటారును నడిపే మొబైల్ స్టార్టర్లు ఇంతకంటే మెరుగైన దారి. పుణేకు చెందిన ఇంజనీరు సంతోష్ ఓస్త్వాల్ రూపొందించిన నానో గణేశ్ వాటిలో బాగా పేరొందింది. ఇందులో కరెంటు ఉందో లేదో ఫోనులో తెలుస్తుంది, నడపాలా వద్దా అన్న నిర్ణయం మాత్రం మనిషి చేతిలోనే ఉంటుంది.

ఒక ఫేజు పోవడం అన్నది వేరే జబ్బు. నడుస్తున్న మోటారు మిగతా రెండు ఫేజుల మీదే తిరగడానికి పెనుగులాడుతుంది, ఆ రెండింటిలో కరెంటు పెరిగి వైండింగ్ వేడెక్కుతుంది. సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్ అనే చిన్న రిలే కాయిల్ దారిని తెంపేసి మోటారును కాపాడుతుంది. రీవైండింగ్ ఖర్చుతో పోలిస్తే దాని ధర లెక్కలోకే రాదు.

పెద్ద మోటార్లకు స్టార్ డెల్టా స్టార్టరు వాడతారు. స్టార్‌లో మొదలుపెడితే లైను కరెంటు డెల్టాలో మొదలుపెట్టినప్పటి కంటే మూడో వంతే ఉంటుంది, తిప్పే బలం కూడా మూడో వంతే. స్టార్, డెల్టా కాంటాక్టర్లు రెండూ ఒకేసారి కలిస్తే నేరుగా షార్టే కాబట్టి, ఒకటి పట్టుకుని ఉండగా రెండోది పట్టకుండా ఇంటర్‌లాక్ తప్పనిసరి. వీఎఫ్‌డీ (వేరియబుల్ ఫ్రీక్వెన్సీ డ్రైవ్) అయితే ఫ్రీక్వెన్సీనీ దానికి తగ్గట్టు ఓల్టేజీనీ కలిపి మారుస్తూ మోటారు వేగాన్నే అదుపు చేస్తుంది. ఫ్యాను, బ్లోయరు లాంటి లోడ్లలో వేగం 80 శాతానికి తగ్గిస్తే విద్యుత్ అవసరం దాదాపు సగానికి పడుతుంది. వీఎఫ్‌డీని విప్పేవారికి ఒక హెచ్చరిక: మెయిన్ ఆపాక కూడా లోపలి కెపాసిటర్లలో సుమారు 580 ఓల్టుల డీసీ నిలిచి ఉంటుంది. తయారీదారు చెప్పినన్ని నిమిషాలు ఆగి, మీటరుతో కొలిచాకే చెయ్యి పెట్టాలి.

పీఎల్‌సీ రాక

1960లలో అమెరికా కార్ల కర్మాగారాల్లో యంత్రాల వరుసలను నడిపింది రిలేలే. ఒక్కో ప్యానెల్‌లో వందలకొద్దీ ఉండేవి. కారు మోడల్ మారిందంటే వాటి వైరింగ్ అంతా విప్పి మళ్లీ కట్టాలి. ఆ బాధ పడలేక జనరల్ మోటార్స్ వారి హైడ్రమాటిక్ విభాగం 1968లో రిలేలకు బదులు పనిచేసే ఎలక్ట్రానిక్ పెట్టె కావాలని అడిగింది. మసాచుసెట్స్‌లోని బెడ్‌ఫర్డ్ అసోసియేట్స్‌లో డిక్ మోర్లీ బృందం 1969లో తయారుచేసిన మోడికాన్ 084 ఆ అవసరం తీర్చింది. అది ఆ సంస్థ 84వ ప్రాజెక్టు కావడంతో ఆ అంకె వచ్చింది. దానికి కంప్యూటర్ భాష కాక, ఎలక్ట్రీషియన్లు అప్పటికే చదవగలిగిన రిలే డ్రాయింగునే భాషగా పెట్టడం గొప్ప నిర్ణయం. లాడర్ లాజిక్ అని పిలిచే ఆ పద్ధతే నేటికీ నడుస్తోంది. 1993లో వచ్చిన ఐఈసీ 61131-3 ప్రమాణంలోని భాషల్లో అదీ ఒకటి.

ఇలాంటి పెట్టెకే పీఎల్‌సీ, అంటే ప్రోగ్రామబుల్ లాజిక్ కంట్రోలర్ అని పేరు. అది చేసే పని చూడటానికి సాదాసీదాగా ఉంటుంది. ఇన్‌పుట్లన్నీ చదువుతుంది, ప్రోగ్రామును పై నుంచి కిందికి ఒకసారి నడుపుతుంది, అవుట్‌పుట్లు రాస్తుంది, మళ్లీ మొదటికి వస్తుంది. ఈ చుట్టు పూర్తి కావడానికి కొన్ని మిల్లీ సెకన్లు పడుతుంది. కొత్తగా నేర్చుకునేవారు తడబడేది స్టాప్ బటన్ దగ్గర. స్టాప్ బటన్‌ను ఎప్పుడూ నార్మల్లీ క్లోజ్డ్ కాంటాక్టుతోనే వైరింగ్ చేస్తారు. ఎందుకంటే ఆ వైరు తెగినా, స్క్రూ వదులైనా, బటన్ నొక్కినట్టే లెక్క, యంత్రం ఆగుతుంది. కాబట్టి మామూలు వేళ ఆ ఇన్‌పుట్ ఆన్‌లోనే ఉంటుంది. అందువల్ల లాడర్‌లో దానికి నార్మల్లీ ఓపెన్ గుర్తు వేయాలి. క్లోజ్డ్ బటన్‌కు క్లోజ్డ్ గుర్తే వేస్తే మోటారు మొదలే కాదు. అలా చిరాకు పడి, ప్రోగ్రాం వదిలేసి బటన్‌నే నార్మల్లీ ఓపెన్‌గా మార్చేసినవారు ఉంటారు. యంత్రం నడుస్తుంది, కానీ వైరు తెగిన రోజున ఆగదు.

పీఎల్‌సీలో ఏ సంగతులు కరెంటు పోయినా గుర్తుండాలో, ఏవి చెరిగిపోవాలో మనమే ఎంచుకోవచ్చు. నింపిన బస్తాల లెక్క నిలవాలి. యంత్రం నడుస్తోంది అన్న గుర్తు నిలవకూడదు.

మిర్యాలగూడ, గోదావరి జిల్లాల రైస్ మిల్లుల్లో దీని విలువ కళ్లకు కడుతుంది. ధాన్యం ఒక యంత్రం నుంచి మరో యంత్రానికి ఎలివేటర్ల మీదుగా పోతుంది. వరుసలో చివరిది ముందు మొదలవ్వాలి, ఆ తర్వాత దాని వెనకది, అన్నిటికంటే ఆఖరున ధాన్యం వేసే చోటు. ఆపేటప్పుడు సరిగ్గా దీనికి తిరగేసి: ముందు ధాన్యం ఆపి, దారిలో ఉన్నది ఖాళీ అయ్యేదాకా మిగతావి నడవాలి. మధ్యలో ఒక ఎలివేటర్ ట్రిప్ అయితే దాని వెనక ఉన్నవన్నీ ఆ క్షణమే ఆగాలి, ముందున్నవి నడుస్తూనే ఉండాలి. లేకపోతే కాసేపట్లోనే ఎలివేటర్ అడుగు భాగం ధాన్యంతో చోక్ అవుతుంది. మోటారు తిరుగుతున్నా బెల్టు జారి ఎలివేటర్ ఆగిపోయే సందర్భం కూడా ఉంది. అందుకే కింది షాఫ్టు దగ్గర ఒక ప్రాక్సిమిటీ సెన్సరు పెట్టి నిజంగా తిరుగుతోందో లేదో లెక్కిస్తారు. కాంటాక్టరు పట్టుకుంది కాబట్టి మోటారు తిరుగుతోందనీ, మోటారు తిరుగుతోంది కాబట్టి బెల్టు తిరుగుతోందనీ నమ్మకపోవడమే ఇక్కడ తెలివి. కరెంటు పోతే అన్నీ ఎక్కడివక్కడ నిండుగా ఆగిపోతాయి. తిరిగి వచ్చాక అడుగు తలుపు తీసి ధాన్యం ఖాళీ చేయకుండా బటన్ నొక్కితే ఓవర్‌లోడ్ ట్రిప్ ఖాయం. అది మనిషి చూసి చేయవలసిన పని.

చిన్న పనులకు అంత పెద్ద పీఎల్‌సీ అక్కర్లేదు. సీమెన్స్ 1996లో తెచ్చిన లోగో లాంటి బుల్లి కంట్రోలర్లు కొన్ని ఇన్‌పుట్లు, కొన్ని రిలే అవుట్‌పుట్లతో గేటు మోటారుకో, పంపుల జతకో సరిపోతాయి.

కొలిచే వైర్లు

నీటి మట్టం, ఒత్తిడి, ఉష్ణోగ్రత వంటివి పరిశ్రమలో ఎక్కువగా 4 నుంచి 20 మిల్లీ ఆంపియర్ల సిగ్నలుగా వస్తాయి. సున్నా నుంచి కాకుండా 4 నుంచి మొదలుపెట్టడంలోనే కిటుకు ఉంది. 5 మీటర్ల ట్యాంకు ఖాళీగా ఉంటే 4, సగం ఉంటే 12, నిండితే 20 వస్తుంది. సున్నా వచ్చిందంటే ట్యాంకు ఖాళీ అయిందని కాదు, వైరు తెగిందని. ఈ సిగ్నలును 250 ఓమ్‌ల రెసిస్టరు గుండా పంపితే 1 నుంచి 5 ఓల్టులు వస్తాయి, ఆర్డుయినో ఊనో అనే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు దాన్ని నేరుగా చదువుతుంది. 3.3 ఓల్టుల ఈఎస్‌పీ32 బోర్డుకైతే 150 ఓమ్‌లు వాడాలి.

మోడికాన్ వారే 1979లో మోడ్‌బస్ అనే సంభాషణ పద్ధతిని తెచ్చారు. ఆర్‌ఎస్-485 జత వైర్ల మీద అది వందల మీటర్లు పోతుంది, ఆ జతకు రెండు చివరలా 120 ఓమ్‌ల రెసిస్టర్లు ఉండాలి. కర్మాగారంలోని ఎనర్జీ మీటరునూ వీఎఫ్‌డీనీ చదివే ఆ పద్ధతే ఇంట్లో రాస్ప్‌బెర్రీ పై అనే బుల్లి కంప్యూటరు దగ్గర కూర్చున్న కుర్రాడికీ పనికొస్తుంది.

రొయ్యల చెరువు

భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల్లో, కరెంటు తిరిగి వచ్చినా మోటారు తనంతట తాను మొదలవకూడదని ఇంతవరకు చెప్పిన సూత్రం తిరగబడుతుంది. నీటిలో కరిగిన ఆక్సిజన్ తెల్లవారుజామున అన్నిటికంటే తక్కువకు పడుతుంది. పగలు ఆక్సిజన్ ఇచ్చే సూక్ష్మ మొక్కలు రాత్రంతా దాన్ని వాడుకోవడమే దానికి కారణం. ఆ వేళ ఏరియేటర్లు ఆగితే పంట పోయినట్టే. ఇక్కడ కరెంటు వచ్చాక మోటార్లు తమంతట తాము, ఒకదాని తర్వాత ఒకటిగా మొదలవ్వాలి, రాకపోతే జనరేటరు అందుకోవాలి. ఏఎంఎఫ్ ప్యానెల్ ఆ పని చేస్తుంది: కరెంటు పోయినట్టు గుర్తించి, జనరేటరును స్టార్ట్ చేసి, ఓల్టేజీ నిలకడపడ్డాక లోడు మారుస్తుంది. గ్రిడ్ కాంటాక్టరు, జనరేటరు కాంటాక్టరు రెండూ ఒకేసారి కలవకుండా మెకానికల్ ఇంటర్‌లాక్ లేని ప్యానెల్‌ను ఎవరూ ఒప్పుకోకూడదు. జనరేటరు కరెంటు వెనక్కి పోతే ట్రాన్స్‌ఫార్మరు గుండా 11 కేవీ లైనుకు ఎక్కుతుంది. లైను ఆపి ఉందనుకుని స్తంభం ఎక్కిన లైన్‌మన్ ప్రాణం పోతుంది.

ఇంట్లో

మన ఇళ్లలో మొదటి ప్రాజెక్టు ఎప్పుడూ నీళ్ల ట్యాంకే. పైన ట్యాంకులో ఒక ఫ్లోట్ స్విచ్చి, కింద సంపులో మరొకటి వరుసగా కలిపి కాంటాక్టరు కాయిల్‌కు ఇస్తే పని అయిపోతుంది, ప్రోగ్రాం అక్కర్లేదు. సంపులో నీళ్లు లేకుండా పంపు ఆడకుండా చూసేది రెండోది. ఇందులో హోల్డింగ్ లేదు, కరెంటు వస్తే తనే మొదలవుతుంది. ట్యాంకు నింపడానికి అదే కావాలి. కానీ ఓవర్‌లోడ్ రిలేను ఆటో రీసెట్‌లో పెడితే జామైన పంపు చల్లబడటం, మళ్లీ మొదలవడం, మళ్లీ వేడెక్కడం చేస్తూ చివరికి కాలిపోతుంది. రీసెట్ మాన్యువల్‌లోనే ఉండాలి. ఫ్లోట్‌కు బదులు నీళ్లలో లోహపు కడ్డీలు పెట్టేవారు వాటికి డీసీ ఇస్తే అవి కొన్నాళ్లకే తుప్పు పట్టి అరిగిపోతాయి. అందుకే మంచి కంట్రోలర్లు వాటికి తక్కువ ఓల్టేజీ ఏసీ ఇస్తాయి.

ఇటలీలోని ఇవ్రియాలో 2005లో పుట్టిన ఆర్డుయినో, 2014లో మార్కెట్లోకి వచ్చిన ఈఎస్‌పీ8266 చిప్ ఈ రంగాన్ని విద్యార్థుల చేతికి తెచ్చాయి. హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీలో ఈ సరుకంతా దొరుకుతుంది. ఈ బోర్డులతో వాడే నీలం రంగు రిలే మీద 10 ఆంపియర్లని రాసి ఉంటుంది కదా అని ఒక హెచ్‌పీ మోటారును నేరుగా తగిలించకూడదు. మోటారు మొదలయ్యే కరెంటుకు దాని కాంటాక్టులు అతుక్కుపోతాయి, ఇక ప్రోగ్రాం ఎంత ఆపమన్నా ఆగదు. ఆ రిలేతో కాంటాక్టరు కాయిల్‌ను మాత్రమే నడిపి, మోటారును కాంటాక్టరుకు వదలాలి. మరో చిక్కు: బోర్డు కరెంటు అందుకుని లేచే ఆ క్షణంలో కొన్ని పిన్నులు తమ ఇష్టం వచ్చిన స్థితిలో ఉంటాయి. కరెంటు వచ్చిన ప్రతిసారీ పంపు ఒక్క క్షణం ఉలిక్కిపడి ఆగుతోందంటే పిన్ను మార్చాలి.

గీజరు లెక్క సులువు. 15 లీటర్ల నీటిని 30 డిగ్రీలు వేడెక్కించడానికి 2 కిలోవాట్ల హీటరుకు సుమారు 16 నిమిషాలు పడుతుంది. స్నానానికి ముందు 20 నిమిషాల టైమరు చాలు. ఆ పనికి క్లౌడూ, యాప్ అవసరమా అన్నది ఎవరికి వారు ఆలోచించుకోవాలి. 2013లో మొదలైన హోమ్ అసిస్టెంట్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఇంట్లోనే అన్నీ నడుపుకోవచ్చు, ఇంటర్నెట్ పోయినా అది పనిచేస్తుంది. ఏం పెట్టినా గోడ మీది స్విచ్చి మాత్రం మామూలుగానే పనిచేయాలి. ఇంట్లో పెద్దవాళ్లు ఫ్యాను వేసుకోవడానికి ఫోను వెతుక్కోకూడదు.

భద్రత, అనుమతి, చదువు

230 ఓల్టుల దగ్గర ఇష్టానుసారం పనికిరాదు. ఆపు, తాళం వెయ్యి, టెస్టు చెయ్యి, అప్పుడు ముట్టుకో. టెస్టు చేసే మీటరు పనిచేస్తోందో లేదో ముందు కరెంటు ఉన్న చోట చూసుకోవాలి, తర్వాత కూడా చూసుకోవాలి. నియాన్ టెస్టరు వెలగలేదని కరెంటు లేదనుకోవడం ప్రాణాంతకం. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఎర్త్‌కు పోయే లీకేజీని పట్టుకుంటుంది. ఫేజు, న్యూట్రల్ రెండూ చెరో చేత్తో పట్టుకున్నవాణ్ణి అది కాపాడలేదు. వైరింగ్ పనికి రాష్ట్ర లైసెన్సింగ్ బోర్డు ఇచ్చే అనుమతి ఉన్నవారే కావాలి. కంట్రోల్ వలయం మీరు కట్టుకున్నా, మెయిన్ కలిపే పని వారి చేతనే చేయించాలి.

నేర్చుకోవాలనుకునేవారికి ఐటీఐలో రెండేళ్ల ఎలక్ట్రీషియన్ ట్రేడు ఉంది. హైదరాబాద్ బాలానగర్‌లో 1968లో ఏర్పడిన సీఐటీడీ (సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్) ఆటోమేషన్ కోర్సులు నడుపుతోంది. ఇంట్లో మొదలుపెట్టేవారు 24 ఓల్టుల డీసీ సప్లై, రెండు బటన్లు, మూడు రిలేలు, ఒక టైమరుతో చెక్క మీద స్టార్టరు కట్టి, దాన్నే స్టార్ డెల్టాగా మార్చి చూడాలి. ఆ తర్వాతే లాడర్ సాఫ్ట్‌వేర్ తెరవాలి. రిలేలతో చేతులు తిరగనివారికి పీఎల్‌సీ తెరమీద బొమ్మలాటగానే మిగులుతుంది.

చివరగా ఒక విన్నపం. ప్యానెల్ కట్టేవారు ప్రతి వైరుకూ రెండు కొసలా నంబరు ఫెర్రూల్ వేయండి, డ్రాయింగును తలుపు లోపలి జేబులో పెట్టండి. తర్వాత మార్పు చేసినవారు ఆ కాగితం మీదే పెన్నుతో దిద్ది, తేదీ వేయండి. రాత్రి రెండు గంటలకు ఆ తలుపు తెరిచేది మీరే కానక్కర్లేదు.